‘కాల్ చేశాడు’ అంటే పిలిచాడనా?

సందేహం: లాస్ వేగస్‌లో పోకర్ ఆడే దృశ్యం ఉన్న కథను తెలుగు చేస్తున్నాను. కాల్, చెక్, ఫోల్డ్ అనే మాటలకు ‘పిలిచాడు, తనిఖీ చేశాడు, మడిచాడు’ అని రాస్తే మిత్రుడు నవ్వాడు. ఏం రాయాలి? క్వీన్ ఆఫ్ హార్ట్స్‌ను ‘హృదయాల రాణి’ అన్నా సరేనా?

సమాధానం: మీ మిత్రుడి నవ్వులో తప్పులేదు. ఈ మాటలకు అర్థం ఆటబల్ల దగ్గరే దొరుకుతుంది. మీది టెక్సస్ హోల్డెమ్ అనే రకం పోకర్ అనుకుని చెబుతాను.

డీలరుకు ఎడమపక్కనున్న ఇద్దరు ముక్కలు పంచకముందే కొంత పెట్టితీరాలి. ఒకరు 50 పెడితే రెండోవారు 100. ఇవే బ్లైండ్లు. మన మూడుముక్కలాటలో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం, ఇది వేరు. తరవాత మనిషికి రెండేసి ముక్కలు. మూడోవాడు తానూ 100 పెడితే అది కాల్, అంటే ‘పందెం సరిపెట్టాడు’. ఇంకా ఎక్కువ పెడితే ‘పెంచాడు’. ఫోల్డ్ అంటే ‘ముక్కలు పడేశాడు’. నిజంగానే పేక మడిచేవాణ్ణి ఏ క్లబ్బూ రానివ్వదు!

చిక్కంతా చెక్‌తోనే. ఆ విడతలో ఎవరూ పందెం కాయకపోతే తానూ కాయకుండా పక్కవాడికి వదలడం అది. ‘ఊరుకున్నాడు’ అంటే చాలు. కానీ ఎదుటివాడు 500 ఒడ్డాక ఊరుకోవడం కుదరదు: సరిపెట్టాలి, పెంచాలి, లేదా పడేయాలి. ఇక్కడ పొరబడితే ఆట తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

‘బెట్ చేశాడు’కు నేనైతే ‘ఒడ్డాడు’ అంటాను. ధర్మరాజు జూదంలో చేసింది అదే; ‘ప్రాణాలొడ్డి’ అని నేటికీ అంటున్నాం.

రాణి సంగతికొస్తే, ఆమె ‘ఆఠీను రాణి’. ఆఠీను, కళావరు డచ్చి మాటలే, హార్టెన్, క్లావెర్ మన నోట్లో నలిగి అలా అయ్యాయి. పేకాటలో పేర్లు అరువు తెచ్చుకోవడం మనకు కొత్తేమీ కాదు కనుక ఫ్లాప్, టర్న్, రివర్‌లను అలాగే ఉంచండి, చేసే పనులను మాత్రం తెలుగులో చెప్పండి. చేతిముక్కలు రాగానే ఒక విడత పందెం. బల్లమీద మూడు ముక్కలు తెరిచాక, నాలుగోది తెరిచాక, ఐదోది తెరిచాక ఒక్కో విడత. ఆ మూడూ ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్. చివరికి మిగిలినవాళ్లు ఏడింటిలో మేలైన ఐదు ముక్కలతో తేల్చుకుంటారు.

రివర్‌ను నది చేసి ‘నది దగ్గర ఒడ్డాడు’ అని రాశారో, అది ఏ ఒడ్డో తేలక పాఠకుడు మునిగిపోతాడు.