గాల్‌బ్లాడర్ క్యాన్సర్ పేషెంటుకి ఉన్నట్టుండి ఆయాసం: కీమో నీరసమేనా?

పర్లాకిమిడిలో ఉండే మీ మావయ్యగారు కీమోకి వైజాగ్ వెళ్లొచ్చాక ఆయాసపడుతున్నారు, ఎడమకాలు వాచింది, ఇది నీరసమేనా అని అడిగారు. కాదనుకునే బయల్దేరండి.

నీరసం మెల్లగా ముదురుతుంది. కాలిలో కట్టిన రక్తం గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే, పొద్దున టిఫిన్ చేసిన మనిషి మధ్యాహ్నానికి బాత్రూమ్ దాకా నడవలేడు. నాడి 100 దాటుతుంది, గట్టిగా ఊపిరి తీస్తే పక్కలో పొడుస్తుంది. ఆక్సిజన్ 95 చూపించినా నమ్మకండి. మోకాలి చిప్ప కింద తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు దిగువన టేపు చుట్టి రెండు పిక్కలూ కొలవండి. 3 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే, కాలిలో గడ్డ ఉందన్న అనుమానం గట్టిదే. ఆ కాలికి నూనె మర్దన మాత్రం వద్దు.

ఈ క్యాన్సర్ కణాలే రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు దానికి తోడవుతుంది, బస్సులో గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చోవడం ఇంకొకటి. పచ్చకామెర్లుంటే విటమిన్ కె ఒంటికి పట్టక ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష అంకె) పెరుగుతుంది. అది చూసి 'రక్తం పల్చగానే ఉంది, గడ్డెందుకు కడుతుంది' అనేవాళ్లుంటారు. కడుతుంది.

గడ్డ ఉందేమో చూసే డి-డైమర్ రక్తపరీక్షకి డబ్బు తగలేయకండి, క్యాన్సర్‌లో అదెలాగూ ఎక్కువే వస్తుంది. తేల్చేది సీటీ పల్మనరీ యాంజియో, అంటే రంగు మందు ఎక్కించి ఊపిరితిత్తుల రక్తనాళాలకు తీసే స్కాన్. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వెంట ఉంచుకోండి. సీటీ ఆలస్యమైతే కాలికి డాప్లర్ (రక్తప్రవాహం చూసే అల్ట్రాసౌండ్) తీయించినా చాలు, అక్కడ గడ్డ కనిపిస్తే వైద్యం మొదలుపెట్టేస్తారు. ఫైలు వైజాగ్‌లో ఉందని అక్కడికే పరుగెత్తడం మనవాళ్లకో జబ్బు. బరంపురమో శ్రీకాకుళమో, సీటీ ఏది దగ్గరైతే అక్కడికే. 108కి ఫోన్ చేసి ఆక్సిజన్ కావాలని చెప్పండి, మనిషిని నడిపించకండి.

మామూలుగా ఇచ్చేది ఎనాక్సాపరిన్ అనే, గడ్డ పెరగకుండా ఆపే ఇంజెక్షన్, బరువు కిలోకి 1 మిల్లీగ్రాము, 12 గంటలకోసారి. కిడ్నీ బాగా దెబ్బతింటే రోజుకొక్కసారే. బరువు ఆ రోజు తూచిందే చెప్పండి. ఫైల్లో 60 అని ఉన్న మనిషి ఇప్పుడు 48 ఉండొచ్చు. బొడ్డుకి 5 సెంటీమీటర్లు ఎడంగా, చర్మం మడత పట్టి, సూది నిలువుగా పూర్తిగా దించాలి. కంపెనీయే మందు నింపి ఇచ్చిన సిరంజి మొత్తం వాడుతుంటే అందులోని గాలి బుడగ తీయకండి. పొడిచాక రుద్దితే నల్లగా కములుతుంది. ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తగ్గితే డోసు మార్చాలి, కాబట్టి కీమో తర్వాత రక్తపరీక్ష మానొద్దు. మలం నల్లగా వస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. కనీసం ఆరు నెలలు వాడాలి, క్యాన్సర్ ఉన్నంతకాలం కొనసాగించాల్సి రావచ్చు.

పిత్తనాళంలో వేసిన స్టెంట్ (గొట్టం) మార్చే రోజుంటే చివరి డోసుకీ దానికీ 24 గంటల ఎడం ఉండేలా ముందే అడగండి. మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో చీటీ మీద రాయించుకోండి, లేకపోతే ఇంటికొచ్చాక వారమైనా ఎవరూ సూది ముట్టుకోరు.