టెక్ సందేహాలు: సెన్సర్లు టీచర్ల జేబుల్లోనే ఉన్నాయి

ప్రశ్న: నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. 6, 7, 8 తరగతుల సైన్స్ టీచర్లకు ఫోన్‌తో ప్రయోగాలు చేయించడం నేర్పమని వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌లో నాకు రెండు గంటలు ఇచ్చారు. స్కూల్లో సెన్సర్లేమీ లేవు. ఏ యాప్ మంచిది? పీపీటీలో ఏమేం పెట్టాలి?
- ఒక టీచర్, పల్నాడు జిల్లా

జవాబు: పీపీటీ వద్దు టీచర్ గారూ. నేను కూర్చున్న ఒక శిక్షణలో పూటంతా స్లైడ్లే నడిచాయి. అందరూ యాప్ పేరు రాసుకుని ఇంటికెళ్లారు, తెరిచి చూసినవాళ్లు లేరు. మీ రెండు గంటలూ ఒక్క ప్రయోగానికే ఇచ్చేయండి.

యాప్ పేరు ఫైఫాక్స్. స్టోర్‌లో పీ హెచ్ వై పీ హెచ్ ఓ ఎక్స్ అని వెతకాలి. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో తెచ్చారు, పూర్తిగా ఉచితం. ముందురోజే ఇంట్లో వేసుకుని రమ్మని గ్రూపులో మెసేజ్ పెట్టండి. ఆ తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

7వ తరగతి పాఠం కదా అని చాలామంది లోలకంతో మొదలుపెడతారు. దానికి గైరోస్కోప్ (ఫోన్ ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే సెన్సర్) కావాలి, తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో అది ఉండదు. మైక్ లేని ఫోన్ మాత్రం ఉండదు. అందుకే శబ్ద వేగం ఎంచుకోండి.

వరండాలో టేపుతో 5 మీటర్లు కొలిచి ఆ చివరొకటి, ఈ చివరొకటి ఫోన్ పెట్టండి. రెండింటిలోనూ అకౌస్టిక్ స్టాప్‌వాచ్ తెరిచి స్టార్ట్ నొక్కాలి. మొదటి ఫోన్ పక్కనున్నవారు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడితే అది వెంటనే మొదలవుతుంది, రెండోది శబ్దం చేరాక మొదలవుతుంది. కాసేపాగి రెండో ఫోన్ దగ్గరివారు కొట్టాలి. ఈసారి రెండోది ముందు ఆగుతుంది, మొదటిది ఆలస్యంగా ఆగుతుంది. రెండు ఫోన్లలో కనిపించే టైముల తేడా, శబ్దం 10 మీటర్లు వెళ్లడానికి పట్టిన కాలం. తేడా 0.029 సెకన్లు వచ్చిందనుకోండి, 10ని దాంతో భాగిస్తే సెకనుకు దాదాపు 345 మీటర్లు. పుస్తకంలోని 340 రాలేదని కంగారు పడొద్దు. గాలి వేడెక్కితే వేగం పెరుగుతుంది, 35 డిగ్రీల దగ్గర 352 దాకా ఉంటుంది.

మొదటిసారి ఇంత చక్కగా రాదు. ఎవరో దగ్గుతారు, వాచ్ ఆగిపోతుంది. ఒక జట్టుకు 200 వస్తుంది, ఇంకో జట్టుకు 600. అప్పుడు మీరు గబుక్కున జవాబు చెప్పేయకండి. ఫ్యాన్ ఆపాలా, థ్రెషోల్డ్ (ఎంత గట్టి శబ్దానికి వాచ్ స్పందించాలో చెప్పే సెట్టింగ్) పెంచాలా, టేపు సరిగా పట్టారా అని వాళ్లనే వెతకనివ్వండి. రేపు 40 మంది పిల్లల ముందు కూడా ఇలాగే అవుతుంది. ఆ టెన్షన్ ముందే, తోటి టీచర్ల మధ్యే ఒకసారి పడి తేరుకుంటే క్లాసులో ధైర్యంగా ఉంటారు. నా దృష్టిలో మీరిచ్చే శిక్షణలో అసలు భాగం ఇదే, దానికి ఒక గంటైనా ఉంచండి.

ప్రశ్న: కాంతి తీవ్రత కొలుద్దామంటే నా ఐఫోన్‌లోని ఫైఫాక్స్‌లో లైట్ ప్రయోగం కనిపించడం లేదు. ఫోన్ పాడైందా?
- ఒక టీచర్, హైదరాబాద్

జవాబు: పాడవలేదు. లైట్ సెన్సర్ రీడింగును బయటి యాప్‌లకు ఆపిల్ ఇవ్వదు. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న తోటి టీచర్‌తో జట్టు కట్టండి. సెన్సర్ సాధారణంగా సెల్ఫీ కెమెరా పక్కనే ఉంటుంది, అక్కడ వేలు అడ్డుపెడితే అంకె పడిపోవాలి. పిల్లలకు ముందు అదే చూపించండి.