వణుకు వచ్చినప్పుడే వేలు గుచ్చుకో

కోవూరు,
ఆదివారం

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోనులో అంతా చెప్పింది. పదకొండు గంటల పీరియడ్‌లో పాఠం చెబుతుంటే నీకు చేతులు వణుకుతున్నాయట, చెమటలు పడుతున్నాయట, సంచిలో చాక్లెట్లు పెట్టుకుని తిరుగుతున్నావట. "నాకు లో షుగర్" అని బడిలో అందరికీ చెప్పేశావట కూడా. ఎవరు తేల్చారమ్మా? ఏ పరీక్షలో తేలింది? ఫోనులో అడిగితే "సరేలే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం. పద్దెనిమిదేళ్లుగా షుగర్ మాత్రలు మింగుతున్నదాన్ని, అంతకు ముందు ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. ఓపికగా చదువు.

ముందు నా నిర్వాకం వినాలి. నాలుగేళ్ల కిందట కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నాను. అలవాటు కొద్దీ పొద్దున ఎనిమిదింటికి మాత్ర వేసేసుకుని, ఏమీ తినకుండా మూలాపేట మూలస్థానేశ్వరస్వామి గుడికి వెళ్లాను. పదిన్నరకు దీపం వెలిగిద్దామని కూర్చుంటే అగ్గిపుల్ల వత్తిని తాకడం లేదు. వత్తి ఒకచోట, నా చేయి ఒకచోట. నాలుగు పుల్లలు వృథా అయ్యాక కోడలి మీద విరుచుకుపడ్డాను, ప్రమిద సరిగా పెట్టలేదని. పాపం, అది ప్రమిదను ముట్టుకోనే లేదు. మెడ వెనుక జాకెట్టు తడిసి ముద్దయింది. పక్కనున్న ఆవిడ "గాలి సోకిందేమో, విభూతి పెట్టండి" అంది. నా కోడలు మాత్రం సంచిలోంచి షుగర్ చూసే మీటరు తీసి వేలు గుచ్చింది. 46.

పటికబెల్లం నోట్లో పెట్టారు, చక్కెర నీళ్లు తాగించారు. పావుగంట తర్వాత చూస్తే 48. మళ్లీ చక్కెర, మళ్లీ అంతే. చివరికి మందుల షాపు నుంచి గ్లూకోజ్ పొడి తెచ్చి కలిపి తాగిస్తే, ఇంకో పావుగంటకు 79కి వచ్చింది. డాక్టరు గారు తర్వాత విడమరచి చెప్పారు. నేను వేసుకునే ఒక్క బిళ్లలో మూడు మందులున్నాయి: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్. మొదటిది తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, షుగర్‌ను పడేసింది అదే. మూడోది పేగులో చక్కెర విరగకుండా అడ్డుపడుతుంది, అందుకే ఎంత చక్కెర పోసినా రక్తంలోకి రాలేదు. గ్లూకోజ్‌కు విరగాల్సిన పని లేదు, నేరుగా ఎక్కుతుంది. అప్పటి నుంచి నా సంచిలో గ్లూకోజ్ పొట్లం ఉంటుంది. ఉపవాసం చేయాలంటే ముందే డాక్టరును అడుగుతాను, ఆ రోజు మాత్ర సంగతి ఆయనే చెబుతారు. గ్లిమెపిరైడ్ పని రోజంతా ఉంటుంది కాబట్టి, ఒకసారి లేచిన షుగర్ మళ్లీ పడిపోవచ్చు. ఆ రాత్రి రెండింటికి లేపి మరీ నా వేలు గుచ్చారు.

ఇక నీ సంగతి. నువ్వు షుగర్ మాత్రలు వేసుకోవు. షుగర్ జబ్బు లేనివాళ్లకు షుగర్ నిజంగా పడిపోవడం అరుదు. అలాగని నీ వణుకు అబద్ధమని అనను. నువ్వు ఒంగోలులో ఏడింటికి ఒక కాఫీ తాగి సింగరాయకొండ రైలెక్కుతావు, పదకొండు వరకూ కడుపులో మరేమీ పడదు. ఆ కాఫీ ఒక్కటే గుండె దడకు చాలు. థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైనా ఇదే వణుకు, ఇదే చెమట. రక్తహీనతకూ దడ వస్తుంది. కంగారుకూ వస్తుంది. అందుకే లక్షణం చూసి జబ్బు పేరు పెట్టుకోకు.

అలెన్ విప్పుల్ అని అమెరికాలో ఒక శస్త్రవైద్యుడు ఉండేవాడు. షుగర్ నిజంగా పడిపోయిందని తేల్చడానికి 1930లలో ఆయన చెప్పిన మూడు గుర్తుల మీదే ఇప్పటికీ డాక్టర్లు నడుస్తున్నారు. లక్షణాలు ఉండాలి, అదే సమయంలో రక్తంలో గ్లూకోజ్ తక్కువగా ఉండాలి, గ్లూకోజ్ పెరగగానే లక్షణాలు తగ్గాలి. మూడూ కలిస్తేనే. చాక్లెట్ తింటే తగ్గింది అంటావు. తరగతి అయిపోయింది, కూర్చున్నావు, నీళ్లు తాగావు, దానికీ తగ్గుతుంది. మధ్యలో అంకె లేకపోతే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?

కాబట్టి వణుకు మొదలైన క్షణంలో, చాక్లెట్ నోట్లో పెట్టుకోకముందే, వేలు గుచ్చుకో. దానికి ముందు చేయి కడుక్కోవాలి. వేలికి చాక్లెట్ జిగటో అరటిపండు రసమో ఉంటే మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అంకె చూశాక తిను, పావుగంట ఆగి మళ్లీ చూడు. చిన్న నోటుబుక్కులో రాసుకో: ఎన్నింటికి, అంతకు ముందు ఏం తిన్నావు, ఎన్ని గంటలైంది, ఎంత వచ్చింది, తిన్నాక ఎంత. అయిదారు సార్లు చాలు.

షుగర్ జబ్బు ఉన్న నాకు 70 కిందకు వస్తే జాగ్రత్త పడాలి, 54 కిందైతే ప్రమాదం. నీకు 65 వస్తే బెంబేలు పడనక్కర్లేదు. జబ్బు లేనివాళ్లలో వణుకుతో పాటు 55 కిందకు దిగితేనే డాక్టర్లు తీవ్రంగా తీసుకుంటారు. మీటరు మాటే వేదం కాదు. 100 లోపు అంకెల్లో 15 అటూ ఇటూ తేడాను ప్రమాణాలే ఒప్పుకుంటాయి. మీటరులో 60 అంటే అసలు 45 కావచ్చు, 75 కావచ్చు. తేల్చాల్సింది ల్యాబ్.

ల్యాబ్‌లోనూ కళ్లు తెరిచి ఉండాలి. ఒకసారి ఇంట్లో నాకు 84 ఉంటే, ఆ పూటే ల్యాబ్ వాళ్లు 58 అని కాగితం ఇచ్చారు. మీ పెదనాన్న కాళ్లలో వణుకు. ఆరా తీస్తే పొద్దున ఏడింటికి తీసిన రక్తాన్ని మధ్యాహ్నం పన్నెండుకు పరీక్షించారు, అదీ మామూలు గొట్టంలో. గొట్టంలో ఉన్నా రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి, గంటకు నూటికి అయిదు నుంచి ఏడు వంతులు. అందుకే బూడిదరంగు మూత గొట్టంలో తీయమను, అందులో దాన్ని ఆపే ఫ్లోరైడ్ ఉంటుంది. వెంటనే పరీక్షించమని కూడా చెప్పు. మొహమాటపడకు.

ఇంకో మాట. గ్లూకోజ్ నీళ్లు తాగించి గంటగంటకూ రక్తం తీసే పరీక్ష చేయించుకుని "పడిపోయింది" అని తేల్చుకోకు. ఆ తీపి నీళ్లకు ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొందరికి షుగర్ కిందకు జారుతుంది. తిన్న కొన్ని గంటలకు వచ్చే బాధ అయితే, మామూలు భోజనం పెట్టి అయిదు గంటల వరకు చూసే పరీక్ష ఉంది. పరగడుపునే వచ్చేదైతే ఆసుపత్రిలో ఉంచి, అవసరమైతే 72 గంటల వరకు ఉపవాసం పెట్టి చూస్తారు. పడిపోయిన క్షణంలోనే గ్లూకోజ్‌తో పాటు ఇన్సులిన్, దానితో పాటే క్లోమం విడుదల చేసే సీ-పెప్టైడ్ కూడా చూస్తారు. ఆ ఇన్సులిన్ నీ క్లోమం నుంచి వచ్చిందా, సూది ద్వారా బయటి నుంచి వచ్చిందా అన్నది సీ-పెప్టైడ్ చెబుతుంది. ఆ ఉపవాసం ఇంట్లో మాత్రం ఎప్పుడూ చేయకు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఈ పనికి రాదు. సగటులో పల్లాలు కనిపించవు.

పరీక్షల కంటే ముందు మీ ఇంట్లో అలమర తెరువు. మీ అమ్మ షుగర్ మాత్రలు, నీ థైరాయిడ్ మాత్రలు ఒకే బిస్కెట్ డబ్బాలో ఉంటాయి, పోయినసారి వచ్చినప్పుడు చూశాను. రెండూ చిన్న బిళ్లలే, అట్టలు కత్తిరించి పేర్లు సగం పోగొట్టారు. తెల్లవారుజామున లైటు వేయకుండా నువ్వు మింగేది ఏదో నీకు తెలుసా? పొరపాటున షుగర్ మాత్ర మింగి షుగర్ పడిపోయి ఆసుపత్రికి వచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు. ఈ రోజే వేరు చెయ్.

తిండి సంగతి పెద్దగా చెప్పను. కాఫీకి ముందు ఏదైనా తిను. రెండు పెసరట్లో, ఒక గుడ్డూ కాస్త సంగటీనో, గుప్పెడు ఉడికించిన శనగలో. నెల్లూరు నుంచి ఎవరొచ్చినా మలై కాజాలు పంపమంటున్నావట, షుగర్ పడిపోతే తింటానని. షుగర్ పడిపోయినప్పుడు అది మందు కాదు. పాలకోవా, నెయ్యి కలిసిన తీపి నెమ్మదిగా ఎక్కుతుంది. నీ చాక్లెట్లూ అంతే. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుంటే నీకు సరిపోతుంది. కాజా తినాలనిపిస్తే తిను, మందు పేరు చెప్పి తినకు.

వణుకుతున్నప్పుడు స్కూటర్ ఎక్కకు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దని తోటి టీచర్లకు చెప్పి ఉంచు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేస్తే చాలు.

మీ పెదనాన్న మంగళవారం ఒంగోలు వస్తున్నారు. పాత మీటరు ఒకటి, 25 స్ట్రిప్పుల డబ్బా ఒకటి పంపుతున్నాను. డబ్బా మూత వెంటనే పెట్టెయ్, తేమ తగిలితే స్ట్రిప్పులు పాడవుతాయి. స్కూటర్ డిక్కీలో పెట్టకు, మన ఎండకు అవి ఉడికిపోతాయి. మీ అమ్మ కంటపడితే తన పరీక్షలకు వాడేసుకుంటుంది, బడి సంచిలోనే దాచుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ