లోను మీద కొన్న మల్టీపర్పస్ మిషన్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనవచ్చా?

ప్రశ్న: జనగామలో వడ్రంగి పని చేస్తాను సార్. మా వీధిలో ఒకాయన షాపు మూసేస్తూ, చిత్రిక, కోత, బెజ్జం అన్నీ చేసే మల్టీపర్పస్ మిషన్‌ను 65 వేలకు ఇస్తానంటున్నారు. ముద్ర లోను మీద కొన్నారట. లోను తీరిపోయిందంటున్నారు, కాగితం మాత్రం చూపించట్లేదు. బిల్లు పోయిందట, స్టాంపు కాగితం మీద రాసిస్తారట. 10 వేలు అడ్వాన్సు అడుగుతున్నారు. తర్వాత పాడైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకండి. మిషన్ పాడవుతుందని మీ టెన్షన్, నా టెన్షన్ ఆ లోను గురించి.

అలాంటి లోనుతో కొన్న మిషన్ మామూలుగా బ్యాంకుకు హైపోథికేషన్‌లో ఉంటుంది. అంటే ఆయన షెడ్డులోనే ఉన్నా, బాకీ తీరేదాకా దాని మీద బ్యాంకుకు హక్కుంటుంది. సంగతి తెలియక కొన్నవారికి కోర్టులో వాదించుకోవడానికి కాస్త చోటుంటుంది. మీకు లోను మాట ముందే తెలుసు కాబట్టి ఆ దారీ మూసుకుపోయినట్టే. ఎంత విలువైన స్టాంపు కాగితం మీద రాసినా, ఆయనకు లేని హక్కు మీకు రాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్‌లోనూ ఉన్నది ఇదే సూత్రం.

ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి, బాకీ లేదని లెటరు తీసుకోండి. బాకీ ఉందని తేలితే బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకున్నాక ఆ మొత్తం నేరుగా లోను ఖాతాలోనే కట్టండి, మిగిలిందే ఆయనకు ఇవ్వండి. మిషన్ మీది సీరియల్ నంబరు ఆయన మీకు రాసిచ్చే రసీదులో ఉండాలి. బిల్లు నకలు మొదట అమ్మిన షాపులో అడిగించండి.

ఇక పాడవడం సంగతి. సొంత జీవనోపాధికి కొంటున్నారు గనుక మీరు వినియోగదారుడే. కానీ ఆయన మిషన్ల వ్యాపారి కాదు, కాబట్టి కమిషన్‌లో కేసు నిలబడటం కష్టం. నాణ్యతకు చట్టం తనంతట తాను ఇచ్చే హామీ కూడా దాదాపు వ్యాపారి అమ్మకాలకే. అందుకే మీరు పనిలో వాడే కలపను దాని మీద పెట్టి గంటసేపు నడిపి చూడండి. మోటారుకు మూడు నెలల పూచీ ఇస్తానంటే రసీదులోనే రాయించుకోండి. లోపం తెలిసీ దాచి మోసం చేస్తే సివిల్ కోర్టు ఉంది.

మీరు అడగలేదు గానీ, ఇంట్లో వాడే మీటరు మీద దీన్ని నడపకండి. విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు చార్జీ వేస్తారు, ఎప్పటినుంచి అలా వాడుతున్నారో తేలకపోతే ఏడాదికి లెక్కగడతారు. కనెక్షన్ మార్పించాకే మిషన్ దించుకోండి.