బరువు తగ్గాలంటే డెజర్ట్ పూర్తిగా మానేయాలా?

మీరు రాసింది చదివాను. వారమంతా పద్ధతిగా తింటున్నారు. వారాంతంలో ఒక కేక్ ముక్కో ఐస్‌క్రీమో తింటే మర్నాడు బరువు కిలో పైనే పెరిగినట్టు చూపిస్తోంది. దాంతో విసుగొచ్చి ఆ రోజంతా ఏది పడితే అది తినేస్తున్నారు. డెజర్ట్ మొత్తానికే మానేయాలా అని మీ ప్రశ్న.

మానక్కర్లేదు. నేను మానకుండానే బరువు తగ్గాను, తగ్గిన బరువు మళ్ళీ రాలేదు కూడా.

ముందు ఆ మర్నాటి కిలో సంగతి చూద్దాం, మీ టెన్షన్‌లో సగం దానిదే. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. మామూలు కేక్ ముక్కలో 400, పెద్దదైతే 500. అంత చిన్న ముక్క రాత్రికి రాత్రి కిలో కొవ్వుగా మారే అవకాశమే లేదు. మరి ఆ బరువు ఎక్కడిది? చాలావరకు నీరు. తిన్న పిండిపదార్థాన్ని, చక్కెరను ఒంట్లో కండరాలు, కాలేయం గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు నిలుస్తుంది. బయట తిన్న భోజనంలో ఉప్పు ఎక్కువైతే ఇంకాస్త నీరు చేరుతుంది. కడుపులో ఇంకా అరగని తిండి బరువు ఉండనే ఉంది. మామూలు తిండికి వచ్చేస్తే రెండు మూడు రోజుల్లో ఇదంతా పోతుంది. నేను రోజూ పొద్దున్నే బరువు చూసుకుంటాను కానీ లెక్కలోకి తీసుకునేది వారం సగటునే. ఆడవాళ్ళకైతే నెలసరి ముందు చేరే నీరు కూడా ఉంటుంది కాబట్టి వారం కన్నా నెల సగటు చూసుకోవడం మేలు.

ఇక అసలు లెక్క. మీరు రోజుకు ఒంటికి కావాల్సిన దానికన్నా 400 కేలరీలు తక్కువ తింటున్నారనుకుందాం. వారానికి 2,800 మిగులు. అందులోంచి 450 కేలరీల డెజర్ట్ తిన్నా ఇంకా 2,350 మిగిలే ఉంటుంది. అంటే తగ్గే వేగం ఆరో వంతు మందగించింది, అంతే.

అసలు నష్టం ఆ ముక్క తర్వాత తినేదాంతో వస్తుంది. 1975లో పీటర్ హెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. మిల్క్‌షేక్ తాగించాక ఐస్‌క్రీమ్ పెడితే, తిండి విషయంలో పెద్దగా పట్టింపు లేనివాళ్ళు తక్కువ తిన్నారు. ఎప్పుడూ డైట్ ధ్యాసలో ఉండేవాళ్ళలో మాత్రం, మిల్క్‌షేక్ తాగనివాళ్ళ కంటే తాగినవాళ్ళే ఎక్కువ తిన్నారు! ఎలాగూ నియమం తప్పింది కదా అన్న ధోరణి అది. మీకు జరుగుతున్నదీ అదే. అందుకే డెజర్ట్‌ను నేను నియమంలోనే పెట్టేసుకున్నాను. ఏది తినాలో, ఎప్పుడు తినాలో ముందే అనుకుంటాను. అనుకున్నది తింటే తప్పేముంది?

వారానికో రోజు డైట్ పక్కనపెట్టి ఇష్టమొచ్చినట్టు తినే 'చీట్ డే' పద్ధతి మాత్రం నాకు నచ్చదు. పేరులోనే తప్పు చేస్తున్నామన్న భావన ఉంది. పైగా రోజంతా గేట్లు ఎత్తేస్తే పైన చెప్పిన 2,800 మొత్తం ఒక్క రోజులో ఊడ్చుకుపోవచ్చు. నాది ఒక్క డెజర్ట్, ఒక్క పూట.

ఆ డెజర్ట్‌కి లెక్కలో చోటు ఎక్కడినుంచి తెచ్చుకున్నానంటే, టీ కాఫీల నుంచి. రోజుకు మూడు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే 24 గ్రాములు, వారానికి 168 గ్రాములు. ఒక మామూలు కేక్ ముక్కలో ఉండే చక్కెర అందులో నాలుగో వంతుకు అటూఇటుగానే! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, విడిగా కలిపే చక్కెరలు, తేనె, పళ్ళరసాల్లోని చక్కెరలు అన్నీ కలిపి రోజు శక్తిలో పది శాతం దాటకూడదు, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. 2,000 కేలరీలు తినేవాళ్ళకి అది 50 గ్రాములు, 25 గ్రాములు. టీ చక్కెరతోనే ఆ 25 గ్రాములు ఇంచుమించు అయిపోతాయి, అదీ తీపి తిన్నామన్న తృప్తి కూడా లేకుండా. చెంచాలు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాను, నాలుక అలవాటు పడిపోయింది. కూల్‌డ్రింకులు కూడా అంతే, 330 మిల్లీలీటర్ల కోలాలో 35 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది.

ఖాళీ కడుపుతో డెజర్ట్ జోలికి వెళ్ళను. ప్రొటీన్, కూరగాయలు ఉన్న భోజనం అయ్యాకే. పొట్ట నిండాక కూడా తీపికి చోటు ఎందుకుంటుందన్న దానిపై బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలు చాలా పని చేశారు. తింటున్న రుచి మీద మోజు తగ్గుతుంది, కొత్త రుచి మీద తగ్గదు. అందుకే బఫేలో నాలుగు రకాలు తీసుకుంటే నాలుగూ పూర్తవుతాయి, ఒకటే తీసుకుంటే కొన్ని చెంచాలకే చాలనిపిస్తుంది. ఒకటే రకం, చిన్న గిన్నెలో, ఫోన్ పక్కన పెట్టి తింటాను.

'హెల్తీ' స్వీట్ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. చెంచా చక్కెరలో 16 కేలరీలుంటే చెంచా తేనెలో 20 పైనే ఉంటాయి. 'షుగర్ ఫ్రీ' అని రాసినా వెన్న, క్రీమ్ అలాగే ఉంటాయి. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, గ్రాము చక్కెరకి 4. ఇష్టమైన అసలు సరుకే కొంచెం తినడం నయం.

మర్నాడు పస్తు ఉండొద్దు, శిక్షలా నడవొద్దు. 70 కిలోల మనిషి గంట నడిస్తే ఖర్చయ్యేది 250 కేలరీలు చిల్లర. మామూలు టిఫిన్, మామూలు నడక చాలు. షుగర్ వ్యాధి ఉన్నా, మందులు వాడుతున్నా ఎంత తినొచ్చో డాక్టర్‌నే అడగండి. మొదలుపెడితే ఆపుకోలేకపోవడం తరచూ జరుగుతుంటే కూడా అంతే, అది డైట్ చార్టుతో తేలే విషయం కాదు.

ఇవన్నీ చేసినా నెల సగటు కదలకపోతే మళ్ళీ డెజర్ట్‌నే అనుమానించకండి. వంటలో పడే నూనెను ఒక వారం కొలిచి చూడండి. ఒక టేబుల్‌స్పూన్ నూనె 120 కేలరీలు, అది రోజూ పడుతుంది.