బొచ్చు కత్తిరించినా పాప తుమ్ములు ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: మా అమ్మాయికి 11 ఏళ్లు. 8 నెలల కిందట ఒక పిల్లికూనను తెచ్చి పెంచుకుంటున్నాం. మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. రెండు మూడు నెలల తర్వాత పాపకు ఉదయం లేవగానే వరుసగా తుమ్ములు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి దురద పెట్టడం మొదలయ్యాయి. పిల్లి బొచ్చు పొట్టిగా కత్తిరించి చూశాం, మార్పు లేదు. పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమని బంధువులు అంటున్నారు. ఆ మాట ఎత్తితేనే పాప ఏడుస్తోంది. కొన్నాళ్లు పోతే శరీరానికి అదే అలవాటవుతుందని మరికొందరు చెబుతున్నారు. నెల రోజులుగా రాత్రిళ్లు కొద్దిగా పొడిదగ్గు కూడా వస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: మీరు అన్నిటికంటే చివర, ‘కొద్దిగా’ అంటూ రాసిన రాత్రి దగ్గు గురించే నేను ముందుగా మాట్లాడాలి. ముక్కుకు, కళ్లకు పరిమితమైన అలర్జీ నిద్రను, చదువును పాడుచేస్తుందే తప్ప సాధారణంగా ప్రాణం మీదికి తీసుకురాదు. అదే అలర్జీ ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాల్లో వాపు తెస్తే అది ఆస్తమా. పిల్లల్లో ఆస్తమా ప్రతిసారీ ఆయాసంతో, పిల్లికూతలతో (ఊపిరిలో వినిపించే ఈల లాంటి శబ్దం) మొదలవదు. చాలామందిలో అర్ధరాత్రి దాటాక వచ్చే పొడిదగ్గు, పరుగెత్తినప్పుడో గట్టిగా నవ్వినప్పుడో వచ్చే దగ్గు మాత్రమే మొదటి గుర్తులు. అందువల్ల పిల్లి సంగతి తేల్చుకునే వరకు ఆగకుండా, ఈ వారంలోనే పాపను పిల్లల వైద్యుడికి గానీ, ఊపిరితిత్తుల నిపుణుడికి (పల్మనాలజిస్టు) గానీ చూపించండి. ఊపిరితిత్తుల పనితీరును ఊదించి కొలిచే స్పైరోమెట్రీ పరీక్షను ఈ వయసు పిల్లలు చక్కగా చేయగలరు. గాలిగొట్టాలను వదులు చేసే మందు పీల్చక ముందు, పీల్చిన తర్వాత ఊదించి చూస్తే తేడా తెలుస్తుంది. అయితే ఆస్తమా వచ్చిపోతూ ఉండే జబ్బు కాబట్టి, పగటిపూట చేసిన ఒక్క పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన దగ్గును కొట్టిపారేయకూడదు. ఎప్పుడైనా పాప మాట పూర్తి చేయలేనంతగా ఆయాసపడినా, ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఇంట్లో ఒక్క నిమిషం కూడా వేచిచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక బొచ్చు విషయం. బొచ్చు కత్తిరించడం వల్ల ప్రయోజనం కనిపించకపోవడం సహజమే, ఎందుకంటే అలర్జీకి కారణం వెంట్రుక కాదు. పిల్లి చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ, లాలాజలంలోనూ తయారయ్యే ఒక ప్రొటీన్ దానికి మూలం. వైద్య పరిభాషలో దాన్ని ‘ఫెల్ డి 1’ అంటారు. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటూ ఉంటుంది కాబట్టి ఆ ప్రొటీన్ ఒంటినిండా పరుచుకుని, ఎండి, చర్మం నుంచి రాలే పొట్టుతో కలిసి గాల్లోకి లేస్తుంది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే, ఈ రేణువుల్లో కొన్ని అందులో అయిదు భాగాల కంటే కూడా చిన్నవి. అందుకే అవి గంటల తరబడి గాల్లో తేలుతూ ఉండగలవు, ముక్కును దాటి ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లగలవు. పైగా వాటికి అంటుకునే గుణం ఎక్కువ. పరుపులు, సోఫాలు, తెరలు, స్కూలు యూనిఫాంలు, చివరికి గోడలు కూడా వాటిని పట్టి ఉంచుతాయి. పిల్లి అడుగుపెట్టని ఇళ్లలోనూ, తరగతి గదుల్లోనూ ఈ ప్రొటీన్ కనిపించడానికి కారణం పిల్లులు పెంచేవాళ్ల బట్టలే.

మొదటి రెండు మూడు నెలలు ఏమీ కాకపోవడం కూడా అలర్జీకి విరుద్ధమైన విషయం కాదు. అలర్జీ ధోరణి ఉన్న శరీరం ఒక కొత్త ప్రొటీన్‌ను పొరపాటున శత్రువుగా లెక్కగట్టి, దానికోసం ప్రత్యేకంగా ‘ఐజీఈ’ అనే యాంటీబాడీలను తయారు చేసుకోవడానికి వారాలు, నెలలు, కొందరిలో ఏళ్లు కూడా పడుతుంది. అవి ముక్కులో, కళ్లలో, శ్వాసనాళాల్లో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటాయి. ఆ తర్వాత అదే ప్రొటీన్ ఎదురైన ప్రతిసారీ ఆ కణాలు ప్రేరేపితమై హిస్టమిన్ వంటి రసాయనాలను వదులుతాయి. నిమిషాల్లో వచ్చే తుమ్ములు, దురద, నీరు కారడం దాని ఫలితమే. కొన్ని గంటల తర్వాత రెండో దశ మొదలై ముక్కు దిబ్బడ, దగ్గు వస్తాయి. సాయంత్రం పిల్లితో ఆడుకున్న పాప రాత్రి దగ్గడం వెనుక ఇది ఉండవచ్చు.

ఉండవచ్చు అని ఎందుకంటున్నానంటే, ఇప్పటికైతే పిల్లి మీద ఉన్నది అనుమానమే. ఉదయం లేవగానే తుమ్ములు రావడం దుమ్ముపురుగుల అలర్జీలోనూ అచ్చం ఇలాగే ఉంటుంది. కంటికి కనిపించని ఈ పురుగులు పరుపుల్లో, దిండ్లలో ఉంటాయి. రెండింటికీ అలర్జీ ఉన్న పిల్లలూ చాలామందే. నిర్ధారణ లేకుండా పిల్లిని పంపించేసి, తర్వాత తుమ్ములు అలాగే కొనసాగితే ఆ బాధ పాపకు రెండింతలవుతుంది. కాబట్టి పరీక్ష చేయించండి. స్కిన్ ప్రిక్ టెస్టులో ముంజేతి లోపలివైపు ఒక్కో అలర్జీ కారకం చుక్కను వేసి, దాని మీదుగా చర్మం పైపొరను సన్నని సూదిమొనతో తాకిస్తారు. సాధారణంగా రక్తం కూడా రాదు. అలర్జీ ఉన్న చోట 15 నుంచి 20 నిమిషాల్లో దోమ కుట్టినట్టు ఉబ్బుతుంది. పోలిక కోసం అలర్జీ కారకం లేని చుక్క వేసిన చోటు కంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉబ్బితే పాజిటివ్‌గా లెక్కిస్తారు. పరీక్షకు వారం ముందు నుంచి సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్రలు ఆపమని చెబుతారు. ఇన్‌హేలర్‌ను మాత్రం ఈ పరీక్ష కోసం ఎప్పుడూ ఆపకూడదు. చర్మంపై దద్దుర్లు ఎక్కువగా ఉన్నా, మాత్రలు ఆపడం కుదరకపోయినా రక్తంలో ఐజీఈ పరీక్ష చేయించవచ్చు. అయితే పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ జబ్బు ఉన్నట్టు కాదు, పిల్లి దగ్గరికి వెళ్లినప్పుడు లక్షణాలు కూడా రావాలి. ఆ సంబంధాన్ని ఏ పరికరం కంటే మీరే బాగా గమనించగలరు. పాప ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశాక తుమ్మిందో, దగ్గిందో రెండు వారాల పాటు ఒక నోటుపుస్తకంలో రాసి డాక్టరుకు చూపించండి. చేతుల మీద గుండ్రని, అంచులు ఎర్రగా ఉన్న మచ్చలు కనిపిస్తే అది అలర్జీ కాకుండా పిల్లి నుంచి అంటిన తామర కావచ్చు. దాని చికిత్స వేరు, పిల్లికి కూడా చేయించాలి.

కొన్నాళ్లకు అలవాటవుతుందన్న మాటను నమ్ముకుని కూర్చోవద్దు. కొందరిలో కాలక్రమంలో తుమ్ములు తగ్గినట్టు అనిపించడం నిజమే కానీ, మీ పాప విషయంలో అలా జరుగుతుందని ముందుగా ఎవరూ చెప్పలేరు. పైగా ఈ నెల రోజుల్లో మీ పాప పరిస్థితి వెళుతున్నది తగ్గే దిశలో కాదు, ముక్కు నుంచి ఛాతీ వైపు. ఇలాంటి దశలో ఎదురుచూడటాన్ని నేను సమర్థించలేను.

మందుల గురించి తల్లిదండ్రులకు ఉండే భయం నాకు తెలుసు, ముఖ్యంగా స్టెరాయిడ్ అనే పేరు వింటే. ముక్కు అలర్జీకి అన్నిటికంటే బాగా పనిచేసేవి ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ నాసల్ స్ప్రేలు. వాటిలోని మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, రక్తంలోకి చేరేది అత్యల్పం. పూర్తి ఫలితం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కనుక, మూడు రోజులు కొట్టి పనిచేయలేదని మూలన పడేయకూడదు. కొట్టుకునే తీరు కూడా ముఖ్యం. తల కొద్దిగా ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో స్ప్రే పట్టుకుంటే దాని మొన సహజంగానే మధ్య గోడకు దూరంగా, చెవి వైపు తిరుగుతుంది. తర్వాత మెల్లగా ఊపిరి పీల్చాలి, గట్టిగా ఎగబీలిస్తే మందంతా గొంతులోకి జారిపోతుంది. రక్తం చారలు కనిపించడానికి చాలాసార్లు కారణం స్ప్రేను మధ్య గోడకేసి కొట్టడమే. దురద, తుమ్ములు ఎక్కువగా ఉన్న రోజుల్లో సెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటి మాత్రల్లో ఒకటి డాక్టరు చెప్పిన మోతాదులో వాడవచ్చు. మత్తు తెచ్చే పాతరకం జలుబు సిరప్‌లు మాత్రం స్కూలుకు వెళ్లే పిల్లకు వద్దు. ఆస్తమా అని తేలితే స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు బిగించే గొట్టం లాంటి పరికరం) ఇన్‌హేలర్ వాడటమే సరైన చికిత్స. దాన్ని ఆఖరి అస్త్రంగా చూడకండి. అలర్జీకి, ఆస్తమాకు ఇచ్చే మాంటెలుకాస్ట్ మాత్ర రాస్తే, పీడకలలు, అకారణ కోపం, దిగులు వంటి మార్పులు వస్తున్నాయేమో కనిపెట్టి ఉండండి. ఈ విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరికే జారీ చేసింది.

ఇంట్లో చేయాల్సిన మార్పుల్లో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది ఒక్కదానికే. పాప పడకగదిలోకి పిల్లి ఇక ఎప్పుడూ వెళ్లకూడదు, పాప లేనప్పుడు కూడా. రోజులో మూడో వంతు ఆమె ఊపిరి తీసుకునేది ఆ గదిలోనే. పక్క దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. పరుపుకు, దిండుకు జిప్ ఉన్న అలర్జీ కవర్లు తొడిగితే దుమ్ముపురుగుల సమస్యకూ పనికొస్తాయి. ఆ గదిలో కార్పెట్ ఉంటే తీసేయండి. నేలను పొడి చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి, ఆ సమయంలో పాప ఆ గదిలో ఉండకూడదు. అతి సన్నని రేణువులను పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ గాల్లో తేలే రేణువులను తగ్గిస్తుంది, సోఫాలో ఇంకిన వాటిని కాదు. కాబట్టి దాన్ని కొన్నాం కదా అని మిగతావి వదిలేయకూడదు. పిల్లిని నిమిరిన చేతులతో కళ్లు నులుముకోకుండా, వెంటనే సబ్బుతో కడుక్కోవడం పాపకు నేర్పండి. పిల్లి మలమూత్రాల ట్రే శుభ్రం చేసే పని, ఒళ్లు దువ్వే పని అలర్జీ లేని పెద్దవాళ్లు చేయాలి. పిల్లికి స్నానం చేయిస్తే ప్రొటీన్ తగ్గేది రెండు మూడు రోజులే. నీళ్లంటే భయపడే జంతువును వారానికి రెండుసార్లు అలా హింసించమని నేను చెప్పను. మగపిల్లి అయితే, ఎలాగూ చేయించాల్సిన పిల్లలు పుట్టని ఆపరేషన్ వల్ల ఆ ప్రొటీన్ ఉత్పత్తి కూడా కొంత తగ్గుతుంది. ఈ విషయం పశువైద్యుడితో మాట్లాడండి.

పిల్లే కారణమని తేలి, మందులతో లక్షణాలు పూర్తిగా అదుపులోకి రాకపోతే ఇమ్యునోథెరపీ గురించి అలర్జీ నిపుణుడిని అడగవచ్చు. శరీరం దాన్ని సహించడం నేర్చుకునేలా అదే ప్రొటీన్‌ను అతి స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి, పెంచుకుంటూ, మూడు నుంచి అయిదేళ్ల పాటు ఇస్తారు. ఇంజెక్షన్ల వల్ల అరుదుగా తీవ్రమైన రియాక్షన్ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, ప్రతిసారీ ఆసుపత్రిలోనే తీసుకుని అరగంట అక్కడే ఉండాలి. ఆస్తమా అదుపులో లేని బిడ్డకు ఇది మొదలుపెట్టకూడదు.

పిల్లిని పంపించాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఇవన్నీ శ్రద్ధగా చేస్తూ రెండు మూడు నెలలు చూశాక తీసుకోండి. అప్పటికి పాప రాత్రిళ్లు హాయిగా నిద్రపోతూ, అడపాదడపా తుమ్ములు తప్ప మరే ఇబ్బందీ లేకుండా ఉంటే పిల్లి ఇంట్లో ఉండవచ్చు. రోజూ మందులు వాడుతున్నా దగ్గు, ఆయాసం వస్తూనే ఉంటే, లేదా ఒక్కసారైనా తీవ్రమైన ఆస్తమాతో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, పిల్లికి వేరే మంచి ఇల్లు చూడక తప్పదు. ఆ మాట పాపకు ముందే, ఇప్పుడే చెప్పండి. 11 ఏళ్ల పిల్లకు కారణం వివరిస్తే అర్థమవుతుంది. స్కూలు నుంచి వచ్చేసరికి పిల్లి మాయమైతే మాత్రం ఆ గాయం చాలాకాలం మానదు. అలాగే, దాని బదులు అలర్జీ రాని జాతి కుక్కనో పిల్లినో తెచ్చుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. అలాంటి జాతి లేదు. అలర్జీ తక్కువని పేరున్న కుక్క జాతుల వెంట్రుకల్లో అలర్జీ ప్రొటీన్ మిగతావాటి కంటే తక్కువేమీ లేదని నెదర్లాండ్స్‌లో చేసిన పరిశోధన 2012లో తేల్చింది.

ఒకవేళ పిల్లిని పంపించినా ఆ మర్నాటి నుంచే ఉపశమనం ఆశించవద్దు. పరుపుల్లో, సోఫాల్లో చేరిన ప్రొటీన్ మామూలు స్థాయికి దిగడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. ఆ కాలమంతా స్ప్రేను గానీ, ఇన్‌హేలర్‌ను గానీ మీ అంతట మీరు ఆపకుండా, డాక్టరు దగ్గర స్పైరోమెట్రీ మళ్లీ చేయించిన తర్వాతే మోతాదు తగ్గించుకోండి.