బలహీనతయందు శక్తి: నువ్వుల్లో నూనెలాగానా?

సందేహం: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడాదైంది. ఇంటికి ప్రార్థనకు వచ్చినవాళ్లు రెండో కొరింథీయుల పత్రిక 12:9 చదివి, “బలహీనతలోనే బలం ఉందండీ, టెన్షన్ పడకండి” అని చెప్పి వెళ్తున్నారు. నాన్న ఏమీ అనరు, ముఖం గోడవైపు తిప్పుకుంటారు. బైబిల్లో ఉన్నది “బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది” అని కదా. “యందు” అన్నా “లో” అన్నా ఒకటేనా? ఇక్కడ బలహీనత అంటే మనం వీక్‌నెస్ అంటామే, అదేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ రెండో ప్రశ్న ముందు తీసుకుంటానమ్మా, అది తేలిక. “స్వీట్లంటే ఆయనకు వీక్‌నెస్” అన్నప్పుడు మనసు లాగే అలవాటు గురించి చెబుతున్నాం. కొరింథు సంఘానికి ఈ ఉత్తరం రాసిన పౌలు మాటలో ఆ అర్థం లేదు. ఆయన గ్రీకులో వాడిన మాట అస్థెనేయ. ‘స్థెనోస్’ అంటే బలం, ముందున్న ‘అ’ అది లేదని చెబుతుంది. మన ‘బలహీనత’ కూడా అలా కట్టిన మాటే. యోహాను సువార్త 11వ అధ్యాయంలో లాజరుకు వచ్చినదాన్ని చెప్పేదీ ఈ గ్రీకు మాటే. అక్కడ మన అనువాదకులు “వ్యాధి” అన్నారు. సంఘాల్లో “అమ్మగారు బలహీనంగా ఉన్నారు, ప్రార్థన చేయండి” అంటే ఒంట్లో బాగాలేదనే కదా. ఆ వాడుక మూలానికి చాలా దగ్గర. మీ నాన్నగారి చెయ్యీ కాలూ స్వాధీనంలో లేకపోవడం నేరుగా ఈ మాటలోకే వస్తుంది.

ఇక “యందు”. “అందున్, నన్” సప్తమి అనీ, “లోన్, లోపలన్” షష్ఠి అనీ బడిలో వల్లించాం. వాడుకలో రెండూ కలిసిపోయాయి, “బలహీనతలో” అనడం తప్పేమీ కాదు. ఒకటి దేనిలో, దేనిమీద ఉందో దాన్ని ఆధారం అంటారు. చిక్కంతా ఆ ఆధారం ఎలాంటిదన్న దగ్గరే ఉంది. వ్యాకరణాలు ఆధారాన్ని మూడు రకాలుగా చెబుతాయి. “నువ్వుల్లో నూనె ఉంది” అంటే అభివ్యాపకం. నూనె గింజంతా నిండి ఉంది, అది గింజ సొత్తు. “చాపమీద కూర్చున్నాడు” అంటే ఔపశ్లేషికం. చాప వేరు, మనిషి వేరు. వచ్చి దాన్ని ఆనుకున్నాడు. మూడోదైన వైషయికంతో మనకిక్కడ పని లేదు.

మీ ఇంటికి వచ్చినవాళ్లు ఈ వాక్యాన్ని నువ్వుల్లో నూనెలా చదువుతున్నారు. అలా చదివితే జబ్బులోనే బలం దాగి ఉంది, పిండుకోవడం మీకే చేతకావడం లేదు అన్నట్టు అవుతుంది. మంచంమీద ఉన్న మనిషికి ఆ మాట ఎంత బరువు! వాక్యంలో ఉన్నది “నా శక్తి” అని; మాట్లాడుతున్నది ప్రభువు. కొన్ని పాత గ్రీకు ప్రతుల్లో ఈ “నా” కనిపించదు. అయినా అదే వచనంలో “క్రీస్తు శక్తి నామీద నిలిచియుండు నిమిత్తము” అని ఉంది కాబట్టి ఆ శక్తి ఎవరిదన్న సందేహం రాదు.

ఆ “నిలిచియుండు” దగ్గర మన అనువాదంలో ఒక బొమ్మ జారిపోయింది. గ్రీకు క్రియలో ‘స్కేనే’ ఉంది, అంటే డేరా. క్రీస్తు శక్తి వచ్చి నామీద డేరా వేసుకోవాలి అంటున్నాడు పౌలు. ఆయన వృత్తి డేరాలు కుట్టడమేనని అపొస్తలుల కార్యములు 18:3 చెబుతుంది. డేరా వేసినంత మాత్రాన కింద నేల మారిపోదు. రాళ్లుంటే రాళ్లే, ముళ్లుంటే ముళ్లే. నీడ మాత్రం పైనుంచి వస్తుంది. పదో వచనంలోనూ ఆయన “బలహీనుడను కాబట్టి బలవంతుడను” అనలేదు. “ఎప్పుడు బలహీనుడనో అప్పుడే” అన్నాడు. ఎప్పుడు, అప్పుడు అనేవి రెండు సంగతులు ఒకే వేళ ఉన్నాయని చెప్పే మాటలు. ఒకటి రెండోదాన్ని పుట్టించిందని వాటికి అర్థం లేదు.

మీరు అడగకపోయినా “నా కృప నీకు చాలును” గురించి కూడా చెప్పాలనిపిస్తోంది. మా అమ్మకు చివరి రోజుల్లో చెయ్యి వణికి గ్లాసు నిలిచేది కాదు. నేను పట్టిస్తే రెండు గుక్కలు తాగి, నా మణికట్టు మీద వేలు ఆనించి “చాలు” అనేది. ఇక వద్దని కాదు, దాహం తీరిందని. ‘చాలు’కు శక్తి కలిగి ఉండడం అనే అర్థం కూడా ఉంది. “లేవజాలడు, నడవజాలడు” అన్నప్పుడు ఉన్నది ఈ ధాతువే. నడవజాలని మనిషితో “చాలును” అనడం తెలుగులో ఎంత లోతుగా తగులుతుందో చూడండి.

నాన్నగారు ముఖం తిప్పుకోవడం అవిశ్వాసమేమోనని బాధపడకండి. పౌలు ఏడో వచనంలో తన బాధను శరీరంలోని ముల్లు అన్నాడు. ఆ ముల్లును మంచిదని ఎక్కడా అనలేదు, “సాతానుయొక్క దూత” అన్నాడు. అది తొలగిపోవాలని “ముమ్మారు ప్రభువును వేడుకొంటిని” అని ఎనిమిదో వచనంలో ఉంది. ఈసారి ఆయనకు చదివేటప్పుడు తొమ్మిదితో మొదలుపెట్టకుండా ఏడు నుంచి చదవండి. “ముమ్మారు” దగ్గర కొంచెం ఆగండి.